పన్నెండో లెవెల్‌లో కోడిగుడ్లు

మొదటి రోజు

ఈ పుస్తకం నేను రాయాలట. పిల్ల చేసేది పిల్ల తన నోట్సులో రాసుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు చూసింది ఇందులో రాయాలి. ప్రతి పేజీ కింద ఒక గడి ఉంది: "ఈ రోజు సంరక్షకులు చేసిన సహాయం." ఆ గడిలో ఏదైనా రాయవలసి వస్తే మార్కులు పోతాయి. అంటే నా పని ఏమీ చేయకుండా ఉండటం, చేయలేదని రోజూ రాయడం. ఎనిమిది గంటలు ఫ్యాను గదిలో కూర్చుని వచ్చినదానికి అదేమంత కష్టం కాదు.

నా పేరు సరోజన. గాలి లోపలికి లాగే నాలుగో నంబరు ఫ్యాను నడుపుతాను. నా పిల్ల పేరు జమున, పన్నెండేళ్ళు, ఏడో తరగతి. మీద ఎండలు భరించలేక ఈ పాత బొగ్గుగనిలోకి, మా మాటలో బాయిలోకి, దిగి బతుకుతున్నాం. మా లెవెల్‌లో పదిహేడు ఇళ్ళు, ఆరుగురు పిల్లలు. ఆ కొద్దిమందికి బడి పెట్టరు. ఇంట్లోనే చదువు, టర్ముకొక ప్రాజెక్టు, వారానికొకసారి భాగ్యరేఖ మేడం ఫోను. కిందటి రెండు ప్రాజెక్టులూ జమునకు తప్పాయి. మూడోది కూడా తప్పితే పెద్దబాయి హాస్టలుకు పంపుతారు. అక్కడికి వెళ్ళిన పిల్లలు ఏడాదికొకసారి, మీద వానలు పడ్డాక, ఇంటికి వస్తారు.

ఈ ఉదయం విత్తనాల గది నుంచి దూదిలో చుట్టిన పన్నెండు గుడ్లు వచ్చాయి. కోడి లేకుండా వీటిని పొదగాలి. ఇరవై ఒక్క రోజులు. జమున ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఒక వైపు బొగ్గుతో గుండు సున్నా, రెండో వైపు ఇంటూ గుర్తు పెట్టింది. రోజుకు మూడుసార్లు తిప్పాలట. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకుకు అతుక్కుపోతుందట.

"కోడి ఎట్లుంటదమ్మా?" అని అడిగింది.

నేను చిన్నప్పుడు, మేమింకా మీద ఉన్నప్పుడు చూశాను. "మస్తు లొల్లి చేస్తది" అన్నాను.

సహాయం: ఏమీ లేదు.

మూడవ రోజు

జమున పాత సామాన్ల పెట్టెకు లోపల దూది అతికించి, రెండు బల్బులు పెట్టి, ఒక గిన్నెలో నీళ్ళుంచింది. ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉండాలి. నిన్న రెండుసార్లు బల్బు దగ్గరగా పెట్టి, మళ్ళీ దూరం జరిపింది. నేను చూస్తూ కూర్చున్నాను. బల్బు మధ్యలో పెడితే సరిపోతుందని నాకు తెలుస్తూనే ఉంది. చెప్పలేదు. సాయంత్రానికి తనే మధ్యలో పెట్టింది.

చెప్పకుండా ఉండటం కూడా ఒళ్ళు నొప్పులు పెట్టే పనేనని ఇప్పుడు తెలుస్తోంది.

సహాయం: ఏమీ లేదు.

ఏడవ రోజు

ఇవాళ గుడ్లకు దీపం పట్టింది. నా పాత టోపీ లైటు తీసుకుని, గుప్పిట మూసి, పైన గుడ్డు నిలబెట్టి వెలిగించింది. లోపలంతా ఎర్రగా, సన్నటి దారాల్లాంటి రక్తనాళాలు, మధ్యలో ఒక చుక్క. ఆ చుక్క కదిలింది. జమున ఊపిరి బిగపట్టి నా వైపు చూసింది. ఆ పిల్ల ముఖంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్ళయిందో.

రెండు గుడ్లు ఖాళీగా ఉన్నాయి. పది మిగిలాయి.

మేడం ఫోను చేస్తే జమున అరగంట మాట్లాడింది. తర్వాత మేడం నన్ను పిలిచి, "సరోజన గారూ, మీరు అలసిపోయినట్టున్నారు" అన్నది. గొంతు బట్టే తెలిసిందట. రెండేళ్ళ కింద మీద సోలార్ పలకలు తుడిచే పనిలో నాకు ఎండ కొట్టింది. అప్పటి నుంచి కుడి చెయ్యి వణుకుతుంది, మధ్య మధ్య మతి తప్పుతుంది. అందుకే నన్ను కూర్చునే పనిలో వేశారు. ఆమెకు ఇదంతా చెప్పలేదు. "ఏం లేదు మేడం, డ్యూటీ" అన్నాను.

సహాయం: టోపీ లైటు ఇచ్చాను. ఇది సహాయమో కాదో తెలియదు. రాస్తున్నాను.

ఎనిమిదవ రోజు

టోపీ లైట్లు ఇచ్చే లాంప్ రూము గోడకు నోటీసు అంటించారు. మీద ఎండ యాభై దాటింది. ఎల్లుండి నుంచి ఇళ్ళకు కరెంటు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మిగతాదంతా ఫ్యాన్లకూ నీళ్ళ పంపులకూ.

జమున నోటీసు రెండుసార్లు చదివింది. ఇంటికొచ్చి పెట్టె ముందు కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అమ్మా, మీద గంత వేడి ఉన్నది. బాయిల చల్లగున్నది. నడుమ ఏడనో ఒకకాడ ముప్పై ఏడున్నర ఉండాలె కద?"

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఇంక్లైన్ గురించి మాట్లాడుతోంది. మా లెవెల్ నుంచి నేల మీదికి ఏటవాలుగా పోయే సొరంగం, నాలుగు వందల పన్నెండు మెట్లు. ఫ్యాను లాగే గాలి ఆ దారినే మీది నుంచి కిందికి వస్తుంది. కాలుతూ వచ్చి, రాయిని రాసుకుంటూ దిగి దిగి చల్లబడుతుంది.

"వద్దు" అన్నాను.

"ఎందుకే?"

"ఎందుకంటె నేను పడ్డ కాబట్టి. నన్ను మోసుకొచ్చిండ్రు ఆ మెట్ల మీద. నీకు యాది లేదా?"

"ఉన్నది. గందుకే నేను కింది నుంచి ఎక్కుత, మీది దాంక పోను."

పైన గేటు దగ్గర కాపలా ఉండే ఓదెలు తాత మా పక్కింటాయనే. ఈ మాటలన్నీ గోడ అవతలి నుంచి విన్నాడు. వచ్చి గడపలో నిలబడ్డాడు.

"మూడొందల మెట్టు దాటనియ్య. నాది జిమ్మ, నేను చూసుకుంట. నా తర్మామీటరు గూడ ఇస్త" అన్నాడు.

వద్దని మళ్ళీ అనడానికి ఓపిక లేకపోయింది. నిజం రాయాలి కదా: ఆలోచించి ఒప్పుకోలేదు, అలసిపోయి ఒప్పుకున్నాను.

సహాయం: ఏమీ లేదు.

పదవ రోజు

రెండు రోజులుగా గంటగంటకూ మెట్లెక్కుతోంది. ఇరవై మెట్లకొకసారి ఆగి చూసి, కింద కాగితం మీద పెద్ద పట్టిక గీసింది. తెల్లవారితే రెండు వందల తొంభయ్యో మెట్టు దగ్గర ముప్పై ఏడు. మధ్యాహ్నం అదే వేడి నూట నలభయ్యో మెట్టుకు దిగి వస్తుంది. సాయంత్రానికి మళ్ళీ పైకి పోతుంది. ఆ వేడి ఒక జంతువు అయినట్టు, దాని నడక తెలిసినట్టు చెబుతోంది పిల్ల. "గిప్పుడు కిందికొస్తది సూడు" అంటుంది.

గుడ్లు దాని వెంట నడవాలి. అంటే పిల్ల నడవాలి.

సహాయం: ఏమీ లేదు.

పదమూడవ రోజు

జమున కాళ్ళు వాచాయి. మెడ మీద చెమటకాయలు. నిన్న అన్నం తింటూ తింటూ కంచం ముందే నిద్రపోయింది. పొద్దున నేను డ్యూటీకి బయలుదేరేసరికి అది అప్పటికే మెట్ల మీద ఉంది, రేకు డొప్పలో గుడ్లు, డొప్ప మీద తడిగుడ్డ.

మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా డ్యూటీ లేనివాళ్ళందరూ పడుకోవాలి. కదలకుండా పడుకుంటే గాలి తక్కువ ఖర్చవుతుంది. ఆ వేళ మెట్ల మీద ఉండటానికి జమునకు మేడం అనుమతి చీటీ రాసి పంపింది. నేను రెండింటికి డ్యూటీ దిగి అటు వెళ్ళాను. నూట నలభయ్యో మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చుని, థర్మామీటరు మీదే చూపు పెట్టుకుని ఉంది. ఎర్రగీత కొంచెం ఎక్కగానే డొప్ప ఎత్తుకుని రెండు మెట్లు దిగింది. నన్ను చూసి నవ్వింది. పెదవులు పగిలి ఉన్నాయి.

"జరసేపు నేను చూస్త, నువ్వు పండుకో" అన్నాను.

"ముట్టకే. మార్కులు పోతయ్."

నీళ్ళ సీసా పక్కన పెట్టి దిగి వచ్చాను. దిగాక గోడ పట్టుకుని కూర్చున్నాను. ఎక్కిందీ దిగిందీ కలిపి మూడు వందల మెట్లు కూడా లేవు. ఆ పిల్ల రోజుకు ఎన్ని ఎక్కుతుందో లెక్కపెట్టలేదు.

సహాయం: ఒక సీసా నీళ్ళు.

పదహారవ రోజు

మీద యాభై మూడు. ఇంక్లైన్ మూసేశారు. గేటుకు తడిగోనెలు కట్టి, దానిమీద ఇనుప తలుపు వేశారు. ఇక గాలి నిలువుగా దిగే రెండో షాఫ్టు నుంచి, నీటి తెర మీదుగా వస్తుంది. సాయంత్రానికి మెట్లన్నీ చల్లబడ్డాయి. ఎక్కడ చూసినా ముప్పై మూడే.

జమున పట్టిక చూస్తూ చాలాసేపు కూర్చుంది. కరెంటు ఉన్న రెండు గంటలూ గుడ్లను బల్బుల కింద పెట్టింది. తర్వాత దూదిలో చుట్టి, తన దుప్పటిలో పెట్టుకుంది.

"ఎట్ల మరి?" అన్నాను.

"ఆలోచిస్తున్న" అన్నది. అంతే. నన్ను ఏమీ అడగలేదు.

సహాయం: ఏమీ లేదు.

పదిహేడవ రోజు

ఈ పేజీ రాయాలని లేదు.

పొద్దున ఐదింటికి లేచేసరికి జమున కూర్చునే నిద్రపోయి ఉంది, గుడ్ల డొప్ప ఒళ్ళో పెట్టుకుని. చెయ్యి పెట్టి చూస్తే గుడ్లు చల్లగా తగిలాయి. ఫ్యాను మోటారు బేరింగు మీది ఇనుప మూత ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. చలిగా ఉన్న రోజుల్లో నేనే దానిమీద చేతులు కాచుకుంటాను. పిల్లను లేపలేదు. డొప్ప మెల్లగా తీసుకుని, నా అన్నం బుట్టలో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను. రెండింటికల్లా తెచ్చి ఇద్దామనుకున్నాను. ఒక్కరోజు పిల్ల నిద్రపోతుంది కదా అనుకున్నాను.

మూత మీద బట్ట మడిచి వేసి, గుడ్లు పేర్చి, డొప్పలో ఉన్న థర్మామీటరు పక్కన పెట్టాను. ముప్పై ఏడు. తొమ్మిదింటికి చూశాను, ముప్పై ఏడే. పదింటికి ఫోను వచ్చింది, ఇంక్లైన్ మూశారు కాబట్టి ఫ్యాను వేగం పెంచమని. పెంచాను. వేగం పెంచితే మోటారు వేడెక్కుతుందని రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నవాళ్ళెవరికైనా తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ క్షణంలో గుడ్ల సంగతి తలలో లేదు. కుర్చీలో కూర్చున్నాను. కళ్ళు మూతపడ్డాయి.

ఫ్యాను గది తలుపు బాదుతున్న చప్పుడుకు లేచాను. పదకొండు కావస్తోంది. ముందు థర్మామీటరు చూశాను. నలభై మూడు.

గుడ్లన్నీ డొప్పలోకి తీసి తలుపు తెరిచాను. బయట జమున. లెవెల్ మొత్తం వెతికి వచ్చింది. పిల్లలు లోపలికి రాకూడదు కాబట్టి గడప అవతలే నిలబడింది. డొప్ప నా చేతుల్లో నుంచి తీసుకుంది. ఒక్కొక్క గుడ్డునూ చెంపకు ఆనించి చూసింది.

"గింత వేడేందమ్మా?"

"కునుకు పట్టిందే."

"నేను తీస్కపొమ్మన్ననా?"

"సల్లగయినయని..."

"నేను తీస్కపొమ్మన్ననా?" అని మళ్ళీ అన్నది. గొంతు పెంచలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

సహాయం: గుడ్లను పిల్లకు చెప్పకుండా తీసుకెళ్ళాను. ఫ్యాను మోటారు మీద పెట్టాను. నిద్రపోయాను.

పద్దెనిమిదవ రోజు

దీపం పట్టి చూస్తే మూడింటిలో కదలిక లేదు. అడుగున, ఇనుముకు దగ్గరగా ఉన్న మూడు. ఏడు మిగిలాయి.

జమున నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటుంది. ఓదెలు తాత వచ్చి మెల్లగా అన్నాడు, "నిన్నటిది పుస్తకంల రాసినవా బిడ్డా? రాయకపోతె ఎవలకెర్క? సల్లదనానికి సచ్చినయని రాయి."

రాసేశానన్నాను. ఆయన తల పట్టుకున్నాడు. "హాస్టలుకు తోలుతరు గద పోరిని!"

నాకు తెలుసు. కానీ జమున తన నోట్సులో మూడు గుడ్లు ఎందుకు పోయాయో రాయాలి కదా. నేను ఒకటి, అది ఒకటి రాస్తే? నా కోసం పిల్ల అబద్ధం రాయాలా? పన్నెండేళ్ళ పిల్ల కాళ్ళు వాచేలా మెట్లెక్కి గీసిన పట్టిక పక్కన ఒక అబద్ధమా?

మధ్యాహ్నం పడక వేళకు జమున మంచం దిగింది. తాత రుమాలు అడిగి తీసుకుని, చింపి, పట్టీలు చేసింది. పుట్టి పందొమ్మిది రోజులైన బిడ్డ పక్కన పడుకున్న స్వరూప ఇంటికి వెళ్ళింది. తలుపు దగ్గర నుంచి విన్నాను.

"అక్కా, ఇది కడుపుకు కట్టుకుంటవా? బోర్ల పండుకోకు. పెంకు మీద తడిగుడ్డ ఉండాలె. ఇగ తిప్పుడు లేదు, అట్లనే ఉంచు."

"పలుగుతదేమోనే!"

"పలుగదు. బిడ్డనెట్ల పట్టుకుంటవో గట్లనే."

పద్దెనిమిది రోజులు దాటితే లోపలి పిల్ల సొంతంగా కొంత వేడి పుట్టిస్తుందట. మనిషి ఒళ్ళు తోడుంటే చాలునని దాని ఆలోచన. ఒకటి స్వరూపకు. ఒకటి గేటు మూసేశాక ఖాళీగా ఉన్న ఓదెలు తాతకు. "గిదేంది పోరీ, నన్ను కోడిని చేసినవ్" అంటూనే చొక్కా గుండీలు విప్పి సంకలో పెట్టించుకున్నాడు. కాలు విరిగి మంచంలో ఉన్న లాంప్ రూము మల్లయ్యకు ఒకటి. ఇంకో మూడిళ్ళలో మూడు. ఏడోది తన నడుముకే కట్టుకుంది.

నన్ను అడగలేదు.

సహాయం: ఏమీ లేదు. ఈ గడి ఇట్లా రాయడం ఇవాళే కష్టమనిపించింది.

ఇరవయ్యవ రోజు

పదిహేడిళ్ళూ గుడ్ల మాటే. నీళ్ళ డ్రమ్ము దగ్గర ఎవరూ ఎవరినీ తోసుకోవడం లేదు, ఎవరి నడుముకు ఏముందో తెలియదు కాబట్టి. జమున గంటకొకసారి ఇల్లిల్లూ తిరిగి, పట్టీ కింద థర్మామీటరు పెట్టి చూసి రాసుకుంటోంది. తాత సంకలో ముప్పై ఏడు. స్వరూప దగ్గర ముప్పై ఆరున్నర. మల్లయ్యకు రాత్రి జ్వరమొచ్చి ముప్పై ఎనిమిదిన్నర అయితే, ఆయన గుడ్డును వాళ్ళావిడకు మార్చింది.

నేను డ్యూటీ దిగి వచ్చి గిన్నెలు కడుగుతున్నాను. జమున వెనక వచ్చి నిలబడింది.

"ఊకె తిరుగుతుంటె నాది సల్లబడుతున్నది" అన్నది.

నేను తిరగలేదు.

"గిన్నెలిడిసిపెట్టి పండుకో. ఎల్లెల్కల. చేతులు దీనిమీద పెట్టకు, వణుకుతయ్. పక్కకు పెట్టుకో."

పడుకున్నాను. వెల్లకిలా ఉన్న నా చీర కుచ్చిళ్ళ పైన గుడ్డు పెట్టి, పట్టీ చుట్టి, బిగువు రెండుసార్లు చూసింది. "ముప్పై తొమ్మిది దాటొద్దు. ఎక్కువయిందనిపిస్తె పిలువు. నువ్వు తియ్యకు." తర్వాత థర్మామీటరు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఐదు గంటలు కదలకుండా పడుకున్నాను. ఎన్నేళ్ళయిందో అలా పడుకుని. సాయంత్రం నాలుగు దాటాక పొట్ట మీద ఏదో గీరినట్టయింది. నా కడుపే అనుకున్నాను. మళ్ళీ గీరింది. తర్వాత, చాలా సన్నగా, ఒక కూత. పెంకు ఇంకా పగలనే లేదు, లోపలి నుంచే.

సహాయం: పిల్ల అడిగితే, పిల్ల చెప్పినట్టు చేశాను.

ఇరవై ఒకటవ రోజు

పొద్దున తాత గుడ్డు మొదట పగిలింది. ఆయన మంచం మీద కూర్చుని లెవెల్ అంతా వినపడేలా అరిచాడు. తర్వాత స్వరూపది. మధ్యాహ్నానికి నాలుగు పిల్లలు. రెండు పగలలేదు, దీపం పడితే నల్లగా కదలకుండా ఉన్నాయి. వాటిని మూడిటి పక్కన పెట్టి, ఒక్కొక్కదాని ఉష్ణోగ్రత పట్టికలో చివరి గీత గీసింది జమున.

తాత తన పిల్లను తిరిగి ఇవ్వడం లేదు. "నా సంకల పుట్టింది" అంటున్నాడు.

నా దగ్గరి గుడ్డులోని పిల్ల పొద్దున ఆరింటికి చిన్న రంధ్రం చేసింది. గిన్నెలో తడిగుడ్డ మీద పెట్టి, పైన ఇంకో గిన్నె సగం మూసి ఉంచింది జమున. డ్యూటీకి మనిషిని మార్చుకున్నాను. పన్నెండైనా ఆ రంధ్రం అంతే ఉంది. ముక్కు కొన కనిపిస్తుంది, ఊగుతుంది, ఆగిపోతుంది. ఒక పెంకు ముక్క తీస్తే చాలు, బయటికి వచ్చేస్తుంది. నా వేళ్ళు వాటంతటవే గిన్నె దాకా వెళ్ళాయి.

"ముట్టకు. లోపల నరాలింకా ఎండలేదు. మనం తీస్తె రక్తం కారి సస్తది."

"గంటలాయె గదనే."

"పట్టనీ."

మూడింటికి మేడం ఫోను. నిన్నటి దాకా పంపిన నా పుస్తకం పేజీలు, జమున నోట్సు చదివిందట. నాతో మాట్లాడలేదు, జముననే అడిగింది. స్పీకరులో వింటున్నాను.

"మూడు గుడ్లు ఎందుకు పోయినయ్?"

"వేడెక్కువై మేడం. నలభై మూడు."

"అమ్మ చేసిన తప్పా?"

జమున నా వైపు చూసింది. "అమ్మ అడగకుంట తీస్కపోయింది. అది తప్పే. కని ముప్పై తొమ్మిది దాటొద్దని నేను ఆమెకెప్పుడు చెప్పలే. నా నోట్సుల రాసుకున్న, గంతే. ఏడుగురికి ఇచ్చినప్పుడు అందరికి చెప్పిన. ఆ ముచ్చట గూడ రాసిన."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "సంరక్షకుల జోక్యానికి ఇరవై మార్కులు పోతాయి. అది నేను మార్చలేను. మిగతా వాటితో నువ్వు పాసవుతావు, మూడు మార్కులు ఎక్కువగా. ఈ టర్ము ఇంట్లోనే ఉంటావు. వచ్చే టర్ము సంగతి అప్పుడు చూద్దాం. ఆ మెట్ల పట్టిక నకలు ఒకటి నాకు పంపు."

జమున సరే మేడం అన్నది. ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. సంతోషపడటానికి కూడా ఒంట్లో ఏమీ మిగల్లేదు. నాకూ అంతే. వచ్చే టర్ముకు ఇంకో ప్రాజెక్టు, ఇంకో పుస్తకం. అయినా ఈ నాలుగు నెలలు నా పిల్ల నా పక్కన పడుకుంటుంది.

దగ్గరికి జరిగాను. తల నా భుజం మీద పెట్టింది. నాలుగు రోజుల తర్వాత.

ఇద్దరం గిన్నె ముందు కూర్చున్నాం. చేతులు తొడల కింద పెట్టుకున్నాను, వాటి మీద నమ్మకం లేక. ఐదుంబావుకు రంధ్రం పగులుగా మారింది. పగులు మెల్లగా గుడ్డు చుట్టూ తిరిగింది. మధ్యలో చాలాసార్లు ఆగింది. ఒకసారి అరగంట ఆగింది, ఇక అయిపోయిందనుకున్నాను. ఏడింటికి ఐదు నిమిషాలు ఉందనగా మూత ఊడినట్టు పెంకు విడింది. తడిసిన, బక్కచిక్కిన, ఏ అందమూ లేని ముద్ద ఒకటి గుడ్డ మీదకు పడి, మెడ వాల్చి, కదలకుండా ఉండిపోయింది.

"సచ్చిందా?" అన్నాను.

జమున వంగి చూసింది. టైము రాసుకుంది.

"లేదు. అలసిపోయింది. పండుకోనీ."

దీపం తగ్గించి, తను కూడా అక్కడే, నేల మీదే ఒరిగింది. నేను ఇంతవరకు రాసి, పెన్ను మూసి, వాళ్ళ పక్కన పడుకోబోతున్నాను.